అన్నం తినే రాయి

మేడ మీద ఎండబెట్టిన మిరపకాయలు తెచ్చిపెట్టమని కోడలు శోభ అడిగితే అమృతమ్మకు మోకాళ్లు నొప్పి పెడతాయి. పై వాటాలో కిరాయికి ఉన్న చైతన్య వాళ్ల హాల్లోకి పోవడానికి మాత్రం ఆ మోకాళ్లే చకచకా మెట్లెక్కుతాయి. అదీ ఉత్త చేతులతో కాదు, చంకలో చిన్న రాగి బిందె పెట్టుకుని. ఈ మోకాళ్ల సంగతి శోభకు తెలుసు, కొడుకు కొండల్‌కు తెలుసు, సాతంరాయిలో ఆ గల్లీ అంతటికీ తెలుసు. ఎవరైనా ఎత్తిపొడిస్తే "నా ఇల్లు, నా మెట్లు" అని ఊరుకుంటుంది.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం ఆమె పైకి చేరేసరికి పనిమనిషి దుర్గవ్వ గడప పక్కన చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చైతన్య ఎయిర్‌పోర్టులో విమానాలు బాగుచేసే ఇంజనీరు. భార్య మృదుల శంషాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. భీమవరం వైపు మనుషులు, ఇద్దరూ పగలు ఇంట్లో ఉండేది తక్కువ. అందుకని తాళంచెవి అమృతమ్మ దగ్గర ఉంటుంది. ఆమె తలుపు తీస్తే దుర్గవ్వ ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమి పోతుంది. దుర్గవ్వ పని చేస్తున్నంతసేపూ అమృతమ్మ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని గాజు తొట్టి ముందు కూర్చుంటుంది.

తొట్టిలో ఉప్పునీళ్లు. నాలుగు పెద్ద రాళ్లు, రాళ్ల మీద పాకే నత్తలు, నారింజ రంగు చేపలు రెండు. వీటన్నిటి మధ్య నిలువురాయి మీద ఉంది అసలు మనిషి. మనిషి కాదు గానీ అమృతమ్మకు అలాగే అనిపిస్తుంది. అడుగున కొమ్మలు కొమ్మలుగా తెల్లటి రాయి, ప్రతి కొమ్మ చివరా గుత్తిగా ఆకుపచ్చని మెత్తటి వేళ్లు, నీళ్లు కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతూ. "ఇది పగడం పిన్నిగారూ" అని చైతన్య మొదటి రోజే చెప్పాడు. పగడమంటే పుస్తెలతాడులో గుచ్చుకునే ఎర్రపూస అని ఆమెకు తెలుసు. ఇది ఎర్రగా లేదు, పూస అంతకన్నా కాదు. "లోపల రాయి, పైన ప్రాణి. ఆ రాయిని తనకు తనే కట్టుకుంటుంది. మన సముద్రంలో దీన్ని కోస్తే నేరం. ఇది బయటిదేశంలో పెంచిన ముక్క, కాగితాలతో వచ్చింది" అని కూడా చెప్పాడు. అవేవీ ఆమె చెవికెక్కలేదు. ఒక ఆదివారం అతను సన్నటి గొట్టంతో రొయ్యపొట్టంత తునక దాని మీద వదిలాడు. ఆ వేళ్లన్నీ మెల్లగా ముడుచుకుని, తునకను లోపలికి తీసుకుని, మళ్లీ విచ్చుకున్నాయి. అది మాత్రం ఎక్కింది. ఆ రోజు నుంచి ఆమె దాన్ని అన్నం తినే రాయి అంటుంది.

ఎండలు ముదిరాక తొట్టిలో నీళ్లు రోజూ తరుగుతున్నాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది కాబట్టి మంచినీళ్లే పోయాలి. అద్దం మీద నల్లటేపు అంటించి, అక్కడిదాకా డబ్బా నీళ్లు పొయ్యమని మృదుల దుర్గవ్వకు చెప్పింది. దుర్గవ్వ పోసేది. అయితే గిన్నెలు తోమి లేచిన చేతులతో ఆమె చెంబు ముంచబోతుంటే ఒకనాడు అమృతమ్మ కంటబడింది.

"ఆగు. నీ చేతులకు సబ్బుంటది. నేను పోస్త" అంది అమృతమ్మ. ఆ పని అప్పటి నుంచి ఆమెదైంది.

పోసేటప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ నీలం డబ్బాలు ఆటోలో ఎండకు మాడుతూ వస్తాయి. ప్లాస్టిక్ వాసన. తన ఇంట్లో మాత్రం అవే డబ్బా నీళ్లు సాయంత్రం రాగి బిందెలో పోసి, తెల్లారి తాగుతారు. రాగిలో నిలిస్తే నీళ్లకు జీవం వస్తుందని ఆమె అత్త చెప్పింది, ఆమె శోభకు చెప్పింది. ఇంట్లో మనుషులకు ఒక నీళ్లు, నోరులేని జీవికి ఒక నీళ్లా? ఆమె మనసు ఒప్పలేదు. చింతపండు పిసికి, ఉప్పు వేసి, బిందెను లోపలా బయటా రుద్ది రుద్ది కడిగి, నీళ్లు నింపి పెట్టడం మొదలుపెట్టింది. ఎండాకాలం సగానికొచ్చింది, రోజూ అదే పని.

ఈ రోజు మాత్రం రాయి సరిగ్గా లేదు. వేళ్లు సగమే బయటికొచ్చాయి. ఒక నత్త అద్దం వదిలి ఇసుకలో వెల్లకిలా పడి ఉంది.

"దిష్టి తగిలింది అక్కా" అంది దుర్గవ్వ, తడిగుడ్డ పిండుతూ. "వచ్చినోళ్లంత నోరెళ్లబెట్టి చూస్తుండ్రి గద. ఒక పైస తిప్పి నీళ్లల్ల వేస్తే పోతది."

"ఏం వెయ్యకు. సారు ఒప్పుకోడు."

"నేనెందుకేస్త? ఊకెనే అన్న."

అప్పుడే మృదుల మెట్లెక్కి వచ్చింది. తలనొప్పిగా ఉండి బ్యాంకు నుంచి ముందే వచ్చానంది. చెప్పులు విప్పుతూ ఇద్దరినీ చూసి నవ్వింది. పైసమాట ఆమె వింది. అమృతమ్మ బిందె వంచి, చేయి అడ్డం పెట్టి, ధార ఇసుకను రేపకుండా నల్లటేపుదాకా నీళ్లు పోసింది. అప్పటికి మృదుల వంటింట్లో మాత్ర వేసుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే అమృతమ్మ బీపీ మాత్రల కోసం శంషాబాద్ దవాఖానకు పోయింది. తిరిగొచ్చేసరికి శోభ ముఖం మాడ్చుకుని బియ్యం చెరుగుతోంది.

"ఏందే, ఏమైంది?"

"పైన సారు దుర్గవ్వను పనికి రావొద్దన్నడు."

"ఎందుకు?"

"ఆ రాయి చచ్చిపోతున్నదట. నత్తలు కూడ పోయినయట. చేతులకు ఏం పూసుకుంటవ్, నేల తుడిసే ఫినాయిల్ తొట్టిల పడ్డదా, ఏం నీళ్లు పోస్తున్నవ్ అని అడిగిండు. దుర్గవ్వ, మీరు చెప్పిన డబ్బ నీళ్లే సార్ అన్నది. సరేలే, ఇగ నువ్వు రావొద్దు, నెల జీతం ఇచ్చేస్తమన్నడు. మెల్లగనే అన్నడు. గని గేటు కాడ అన్నడు. నీళ్ల ఆటో వచ్చిన యాళ్ల."

అమృతమ్మ చేతిసంచి కింద పెట్టలేదు. నీళ్ల ఆటో వచ్చే వేళంటే గల్లీలోని ఆడవాళ్లందరూ అక్కడే ఉంటారు.

"మన గల్లీల కళ్యాణి వాళ్లు కూడ ఇయ్యాల దుర్గవ్వను వాపస్ పంపిండ్రట" అంది శోభ. "వాళ్లింట్ల చంటిపిల్ల ఉన్నది గద. చెయ్యి మంచిది కాదేమో అని."

అమృతమ్మకు ఒళ్లు మండిపోయింది. అలాగే మెట్లెక్కింది. ఈసారి బిందె లేదు. చైతన్య తొట్టిముందు మోకాళ్ల మీద కూర్చుని సన్నటి పట్టుకారతో చచ్చిన నత్తలను తీసి గిన్నెలో వేస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకోలేదని తెలుస్తూనే ఉంది.

"దుర్గవ్వ ఏం జేసింది బిడ్డా?"

"ఏమీ తెలిసి చేసి ఉండదు పిన్నిగారూ. సబ్బు చుక్క పడ్డా ఇవి తట్టుకోలేవు. మళ్లీ మళ్లీ అడిగాను, ఏమీ లేదంటోంది. ఇంకేం చెయ్యను?"

"గేటు కాడ నలుగుట్ల అడిగినవంట."

"నేను దొంగ అనలేదు కదండీ."

"దొంగ అంటే నయముండె" అంది అమృతమ్మ. "పోయిన సామాను దొరికితే దొంగ కాదని తేలుతది. నీ చెయ్యి తగిలితే పానం పోతదంటే, అది ఇగ ఎవలకేం చూపెట్టుకోవాలె?"

"నేనా మాట అనలేదు."

"నువ్వు అన్లే. గల్లీ అన్నది."

చైతన్య పట్టుకారను పక్కన పెట్టాడు. అమృతమ్మకు అతని మీద జాలి కూడా వేసింది. తిండి మానేసైనా ఆ తొట్టి అద్దం తుడుచుకునే మనిషి. అయినా దుర్గవ్వ ముఖం కళ్లముందు ఆడుతుంటే ఊరుకోలేకపోయింది.

"సరే. ఇగ దుర్గవ్వ రాదు. ఇల్లు నేనూడుస్త, నీళ్లు నేను పోస్త. అప్పుడు జూద్దాం, దాని చేతుల ఏముందో."

"మీకెందుకండీ శ్రమ…"

"నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు."

కొండల్ సాయంత్రం ట్రాక్టరు షెడ్డులో పెట్టి వచ్చాక తల్లిని కూర్చోబెట్టి మెల్లగా చెప్పి చూశాడు. "అమ్మా, దినాలు మంచిగ లెవ్వు. వాళ్లు ఆంధ్రోళ్లు, మనం గిక్కడోళ్లం. చిన్న మాట పెద్దగైతది. మంచి కిరాయిదారులు. నువ్వు జర ఊకో."

"ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. దుర్గవ్వ ఉన్నది" అంది అమృతమ్మ.

మర్నాటి నుంచి ఆమె అన్న మాట ప్రకారమే చేసింది. చీరకొంగు దోపి, పొట్టిచీపురు పట్టుకుని, సోఫా కిందకు చేయి పోనిచ్చి ఊడ్చింది. ఫినాయిల్ ముట్టలేదు, ఉత్త నీళ్లతో తుడిచింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. బిందెను ఎప్పటికన్నా ఎక్కువసేపు రుద్దింది. దుర్గవ్వ పేరు నిలబెట్టే నీళ్లు కనుక మచ్చ ఉండకూడదనుకుంది. నల్లటేపు దగ్గర ధార ఆపి, ఒక్క చుక్క ఎక్కువ పోయకుండా చూసుకుంది.

రాయి రోజురోజుకూ లోపలికి ముడుచుకుపోతోంది. రెండు కొమ్మల మీద పచ్చదనం పూర్తిగా పోయి ఎముకలాంటి తెలుపు తేలింది. అమృతమ్మ దాన్నే చూస్తూ స్టూలు మీద కూర్చునేది. అన్నం మానేసిన పిల్లను చూస్తున్నట్టుండేది. ఆ బాధలోనే ఒక మూల సంతోషం కూడా ఉండేది. ఆ సంతోషానికి ఆమె సిగ్గుపడింది గానీ దాచుకోలేదు. చైతన్య డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగానే ఎదురెళ్లింది.

"సూసినవా బిడ్డా. దుర్గవ్వ గడప తొక్కక ఇన్ని దినాలాయె. ఇంక ముడుసుకుంటనే ఉన్నది. ఆమె చెయ్యే అయితే ఈపాటికి తేరుకోవాలె గద."

చైతన్య తొట్టిని చూసి, ఆమెను చూసి తలూపాడు. "అవునండీ. నేనే తొందరపడ్డానేమో."

"ఏమో కాదు. తొందరపడ్డవ్."

"పడ్డాను" అన్నాడతను.

అమృతమ్మ ఆ పూట గెలిచినట్టే కిందికి దిగింది. శోభకు చెప్పింది, కొండల్‌కు చెప్పింది. రేపు దుర్గవ్వను పిలిచి అతని చేతనే చెప్పిస్తాననుకుంది. ఆ ఒక్క రాత్రీ ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది.

తెల్లారి ఆదివారం. చైతన్య సిటీలో పెంపుడు చేపల దుకాణం నడిపే స్నేహితుడి దగ్గరికి పోయి నీళ్లు పరీక్షించే మందుల చిన్న డబ్బా తెచ్చాడు. అమృతమ్మ పైకి వచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ బల్ల ముందు వంగి ఉన్నారు. బిందె ఆమె ఇంకా తేలేదు, నీళ్లు మధ్యాహ్నం కదా పోసేది. వేలెడు గాజుగొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, చైతన్య అందులో మందు చుక్కలు వేసి, మూతపెట్టి ఊపాడు. నీళ్లు మెల్లగా నీలంగా తిరిగాయి. అతను గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఏముంది బిడ్డా?"

"రాగి పిన్నిగారూ. నీళ్లలో రాగి కలిసింది. చేపలు ఓర్చుకుంటాయి. పగడాలకూ నత్తలకూ చుక్క కలిసినా విషమే."

"రాగి ఎక్కడిది?" అంది మృదుల. అంతలోనే ఆమె ముఖం మారింది. "చైతూ, దుర్గవ్వ ఆ రోజు పైస అంటోంది. దిష్టికి పైస వేస్తే పోతుందని. నేను విన్నాను. పాతకాలం పైసలు రాగివే కదా."

చైతన్య చొక్కా చేతులు పైకి మడిచాడు. తొట్టిలో భుజందాకా చేయి పెట్టి ఇసుకంతా తడమడం మొదలుపెట్టాడు. "ఎక్కడో ఉండే ఉంటుంది" అన్నాడు. నీళ్లు మురికెక్కాయి, చేపలు మూలకు పరుగెత్తాయి. పైస దొరకలేదు. "రాయి కింద ఇరుక్కుని ఉంటుందిలే" అని మళ్లీ తడిమాడు. దుర్గవ్వ నిన్న సాయంత్రమే నిర్దోషి అయింది. ఇవాళ పొద్దునకు మళ్లీ దోషి అయింది.

అమృతమ్మ వెనక్కి తిరిగింది. గోడ పట్టుకుని మెట్లు దిగింది.

వంటింట్లో గట్టు మీద బిందె ఉంది. నిన్న సాయంత్రం నింపి పెట్టిన నీళ్లు, పైన మూత. ఎర్రగా నిగనిగలాడుతోంది. ఆమె దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. రాగి గిన్నెలో మజ్జిగ పోస్తే చిలుమెక్కుతుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పులుపు తగిలితే రాగి దిగుతుందని, అందుకే కళాయి పెట్టించాలని, కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే వాంతులవుతాయని కొత్త కోడలికి ఆమే చెప్పింది. పచ్చటి చిలుము. చింతపండు, ఉప్పు వేసి రోజూ తోమింది తనే. తోమి, నీళ్లు నిలబెట్టి, ఆ నీళ్లను ఉప్పునీళ్లలో కలిపింది తనే. మనుషుల పేగులు తట్టుకున్నాయి. ఆ లేత వేళ్లు ఏం తట్టుకుంటాయి?

దుర్గవ్వ పేరు నిలబెడతానని పోసిన నీళ్లు కూడా అవే.

ఆమెకు ఏడుపు రాలేదు. భయమేసింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. బిందె నీళ్లు పోయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రేపటి నుంచి డబ్బా నీళ్లే పోస్తే సరి. పైసమాట ఎటూ ఉండనే ఉంది, రాయి కింద ఎక్కడో ఉందని వాళ్లే అనుకుంటున్నారు. దుర్గవ్వకు వేరే గల్లీలో పని చూపించొచ్చు. తాళంచెవి తన దగ్గరే ఉంటుంది, స్టూలు అక్కడే ఉంటుంది. ఇంటి ఓనరమ్మను ఎవరు అడుగుతారు? ఈ ఆలోచనలన్నీ ఒకదాని వెనక ఒకటి ఎంత తేలిగ్గా వచ్చాయో చూసి ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కానీ దుర్గవ్వ చూసింది. రోజూ చూసింది.

అమృతమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

దుర్గవ్వ ఇల్లు బెంగళూరు రోడ్డుకు అవతల, రేకుల కప్పు. తలమీదుగా విమానం ఒకటి దిగుతూ పోతే రేకులు గిలగిలమన్నాయి. దుర్గవ్వ గడపలో కూర్చుని గుండ్రాయితో చింతగింజలు కొట్టుకుంటోంది. పనుల్లేక చేతులు ఊరుకోలేదు.

"రా అక్కా. కూసో" అని చాప దులిపింది.

అమృతమ్మ కూర్చోలేదు. "సారు నిన్ను ఏం నీళ్లు పోస్తున్నవని అడిగిండు గద?"

"అడిగిండు."

"డబ్బ నీళ్లన్నవ్."

"డబ్బ నీళ్లే గద. నీ బిందెలకొచ్చి కూసున్నా అవి డబ్బ నీళ్లేనాయె."

"నేను పోస్తున్ననని ఎందుకు చెప్పలే?"

దుర్గవ్వ గుండ్రాయి పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "మేడం నాకు చెప్పిన పని అది. నేను నీకిడిసిపెట్టిన. మళ్లా నీ పేరెందుకు తియ్యాలె? నీకు ఆ రాయి కాడ కూసునుడు ఇష్టమాయె. సారు కోపంల తాళంచెవి గుంజుకుంటే నీకు కాళ్లుచేతులు ఆడవు."

అప్పుడు అమృతమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ దుర్గవ్వ కోసం తను పోట్లాడుతున్నాననుకుంది. పైవాళ్లతో, కొడుకుతో, గల్లీతో. తన్ను కాచిందే దుర్గవ్వ అని ఇప్పుడు తెలిసింది. చాపమీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అంతా చెప్పింది. రాగి, చింతపండు, చిలుము, గాజుగొట్టంలో నీలం. దుర్గవ్వ విని, లోపలికి పోయి మట్టిచెంబులో నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది.

"నువ్వు విషమని పోసినవా అక్కా? గదేందో మంచిదని పోసినవ్."

"పోసింది నేను. మాట పడ్డది నువ్వు."

"అయితే చెప్పు, పో" అంది దుర్గవ్వ. ఆ మాటలో కోపం కొంచెం ఉంది. ఉండటమే అమృతమ్మకు మేలనిపించింది.

ఆమె ఇంటికొచ్చి బిందెను నీళ్లతో సహా చంకనెత్తుకుని పైకెక్కింది. తొట్టి పక్కన, గాజుగొట్టాల బల్ల మీద దాన్ని పెట్టింది. "నీ పైస ఇదే బిడ్డా. ఇసుకల దేవులాడకు" అంది. తర్వాత చెప్పాల్సింది చెప్పింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా తగ్గించి చెప్పలేదు.

చైతన్య బిందె మూత తీసి నీళ్లు చూశాడు. కొత్త గొట్టంలో పట్టి మందు వేశాడు. ఈసారి రంగు మొదటిదానికన్నా చిక్కగా వచ్చింది. మృదుల కుర్చీలో కూర్చుండిపోయింది. అతను గొట్టం కడిగి బోర్లించాడు.

"మీరు పోశారా పిన్నిగారూ" అన్నాడు చివరికి. ప్రశ్నలా లేదు. "నేను కదా చెప్పాల్సింది. రాగి తగలకూడదని నాకు తెలుసు. మీకెలా తెలుస్తుంది? నేనెవరికీ చెప్పలేదు. దుర్గవ్వను మాత్రం గేటు దగ్గర నిలబెట్టి అడిగాను."

"అడిగిన కాడనే చెప్పు" అంది అమృతమ్మ. "ఇంటికి పిలిచి చెప్తే గల్లీకి తెల్వదు. నేను కూడ నీ పక్కన నిలబడి చెప్త."

తెల్లారి నీళ్ల ఆటో హారన్ కొట్టింది. కళ్యాణి చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది, పక్కింటి రుక్కమ్మ వచ్చింది, ఇంకా నలుగురు ఖాళీ డబ్బాలు దొర్లించుకుంటూ వచ్చారు. దుర్గవ్వను శోభ వెంటబెట్టుకొచ్చింది. చైతన్య డ్యూటీకి పోయే తెల్లచొక్కాలో గేటు దగ్గర నిలబడ్డాడు. విమానం ఇంజనులో చేయి పెట్టడానికి జంకని మనిషి గేటు కొక్కెం వేస్తూ తీస్తూ కాసేపు గడిపాడు.

"మా తొట్టిలో రాగి కలిసింది" అన్నాడు. "దుర్గవ్వ వల్ల కాదు. ఆమె చేతిలో ఏ తప్పూ లేదు. తెలుసుకోకుండా ఇక్కడే అందరిముందూ అడిగాను. తప్పు నాది." తర్వాత దుర్గవ్వ వైపు తిరిగాడు. "మళ్లీ రావాలమ్మా. మిమ్మల్ని అడుగుతున్నాను."

"ఆ రాగి నాది" అంది అమృతమ్మ, ఆటో మీది మనిషికి కూడా వినబడేలా. "నా బిందెది. నేనే పోసిన. పోసేది నేనని తెలిసి కూడ దుర్గవ్వ నా పేరు చెప్పలే."

రుక్కమ్మ నోటిమీద చేయి పెట్టుకుంది. కళ్యాణి కాసేపు నేల చూపులు చూసి, చంటిపిల్లను దుర్గవ్వ చేతికిచ్చింది. "జర పట్టుకో అక్కా, డబ్బ దించుకుంట" అంది. డబ్బా దించుకోవడానికి ఆటో మనిషే ఉన్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. పిల్ల దుర్గవ్వ చెవిపోగు పట్టుకుని గుంజింది.

దుర్గవ్వ పనిలోకి వచ్చింది. అమృతమ్మ మాత్రం పైకి పోవడం మానేసింది. తాళంచెవి శోభకిచ్చింది. మోకాళ్లు నొప్పులంది, ఈసారి నిజంగానే మంచం మీద కూర్చుని వాటికి నూనె రాసుకుంది. చైతన్య తొట్టిలో నీళ్లు సగం సగం మారుస్తున్నాడని, రాగిని పీల్చే బొగ్గుసంచి వేలాడదీశాడని, నత్త ఒక్కటే మిగిలిందని, రాయి మీద పచ్చదనం ఎక్కడా లేదని దుర్గవ్వ వచ్చి చెప్పేది. "పారేస్తడా?" అని అమృతమ్మ అడిగేది. "పారెయ్యలే. అట్లనే ఉంచిండు" అనేది దుర్గవ్వ. తెల్లటి ఉత్త రాయి కోసం అతను రోజూ ఉప్పు తూచి నీళ్లు కలుపుతున్నాడంటే ఆమెకు గుండెల్లో ముల్లు కదిలినట్టుండేది.

తొలకరి పడింది. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం పైనుంచి దుర్గవ్వ గొంతు వినబడింది.

"అక్కా. జర పైకి రా."

"నా మోకాళ్లు…"

"మోకాళ్లు కూడ తీస్కరా."

అమృతమ్మ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఎక్కింది. దుర్గవ్వ హాలు మధ్యలో తడిగుడ్డతో గొంతుకూర్చుని ఉంది. తొట్టి బల్ల కిందకు గుడ్డ పోనిచ్చి తుడుస్తూ తలెత్తి చూసిందట. నిలబడినవాళ్లకూ, స్టూలు మీద కూర్చున్నవాళ్లకూ కనబడేది రాయి ముఖమే. దాని అడుగు కనబడదు. "గీడికెంచి చూడు" అని తన పక్కన నేలను చూపించింది.

కూర్చోవడం అమృతమ్మ వల్ల కాలేదు. దుర్గవ్వ భుజం పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండోది, ఆ తర్వాత మోచేతులు. చివరికి తడి నేల మీద చెంప ఆనించి పైకి చూసింది. చచ్చిన కొమ్మ మొదట్లో, నీడవైపు, పెసరగింజంత పచ్చదనం. చూస్తుండగానే గింజకు వేళ్లొచ్చాయి. నీళ్లు కదిలాయి, అవి కదిలాయి.

"ఉన్నదే" అంది అమృతమ్మ.

చైతన్య వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. తన హాల్లో ఇద్దరు ఆడవాళ్లు నేలకు చెంపలానించి పడుకుని ఉండటం చూసి అతను బెదిరిపోయాడు. "పిన్నిగారూ, పడ్డారా?" అని పరుగెత్తుకొచ్చాడు. దుర్గవ్వ తలెత్తకుండానే వేలితో పైకి చూపించింది. అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బూట్లు కూడా విప్పకుండా నేలమీదికి వంగాడు.

"తడి ఆరలే సార్. జర ఆగుండ్రి" అంది దుర్గవ్వ.

అతను ఆగలేదు. తెల్లచొక్కాతోనే వెల్లకిలా పడుకుని, తల బల్ల అంచుదాకా జరిపి చూశాడు. కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు.

"ఇది కొత్త తల" అన్నాడు. "పాతరాయి మీంచే పుట్టింది. బతుకుతుంది పిన్నిగారూ, నీళ్లు బాగుంటే బతుకుతుంది." లేచి కూర్చుని చొక్కా వీపు తడుముకుని నవ్వాడు. "స్టూలు అక్కడే ఉంచానండీ. ఇవాళ నీళ్లు మీరే పోయాలి."

అమృతమ్మ దుర్గవ్వ చేయి పట్టుకుని మెల్లగా లేచింది. స్టూలు తొట్టిముందుకు లాక్కుని కూర్చుంది. కొంగుతో చెంపకంటిన తడి తుడుచుకుంది.

"దుర్గవ్వ పోస్తది" అంది. "నా చేతులకు చింతపండు ఉంటది."

దుర్గవ్వ నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయి చేతులు కడుక్కొచ్చింది. నీలం డబ్బా మూత తీసి, ప్లాస్టిక్ చెంబు ముంచి, నల్లటేపు దగ్గర కళ్లు పెట్టి పోయడం మొదలుపెట్టింది.